నేను మూసిన వంతెన

జూన్ 4

అక్కకు వందనాలు.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పినా నువ్వు ఎక్కుతూనే ఉంటావని తెలుసు. క్లాసు పై అంతస్తులో ఉంటే కింద కుర్చీ వేయించుకుని పాఠం చెప్పే రకం కాదు నువ్వు.

ఇక్కడ అందరం బాగున్నాం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. నిజానికి కొన్నాళ్లుగా నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మా ఊరి మధ్య నది మీద పాత ఇనుప వంతెన ఉంది కదా. క్రితంసారి వచ్చినప్పుడు దాని మీద గాలికి నీ గొడుగు తిరగబడిపోతే పడీ పడీ నవ్వావు. అదే. ఇవతల ఇళ్లు, అవతల ఆసుపత్రి, బడి, పోస్టాఫీసు. ఊరంతా రోజూ దాని మీదే తిరుగుతుంది. ఏటా వర్షాలకి ముందు దాన్ని తనిఖీ చేసి, ఫరవాలేదని సంతకం పెట్టడం నా పని. ఈసారి నడిమి రాతి స్తంభం పైన, ఇనుప దూలం వచ్చి కూర్చునే చోట, ఒక చీలిక కనబడింది. సన్నదే. కానీ బరువు లారీ వెళ్తుంటే అక్కడ లోపలెక్కడో 'ధబ్' మని శబ్దం వస్తోంది. నిరుడు ఆ శబ్దం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎగువన ఒక వంతెన కూలింది. దాని తనిఖీతో నాకు సంబంధం లేదు, శిథిలాలు తీయడానికి పంపారు. ఒక బస్సు పడింది అందులో. అంతకుమించి నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అక్కడ కూడా ముందే చీలిక చూశారట. చూసినవాడు వర్షాలు వెళ్లాక చూద్దాంలే అన్నాడట.

మా పై ఆఫీసరుకి ఫోన్ చేశాను. పరికరాలతో పరీక్ష చేసే బృందం వర్షాలు తగ్గితేగానీ రాదన్నాడు. ప్రమాదం అనిపిస్తే మూసే అధికారం నాకే ఉందని, తనైతే లారీలూ బస్సులూ ఆపి మనుషుల్నీ సైకిళ్లనీ వదిలేసేవాణ్ణని అన్నాడు. నీ మరదలూ అదే మాట అంటోంది. నాకేమో సగం మూయడం సగం అబద్ధం ఆడినట్టుగా ఉంది. ప్రమాదం అంటే ప్రమాదమే కదా.

పాస్టర్లు కాబోయే పిల్లలకి ఇన్నేళ్లుగా మనస్సాక్షి గురించి పాఠాలు చెప్తున్నావు. నాకూ ఒకటి చెప్పు. లోపల ఒకటే మాట వినబడుతోంది, మూసెయ్ అని. అది దేవుడిదా, నాదా? తెలుసుకోవడం ఎలా?

నీ తమ్ముడు


జూన్ 11

ఒరేయ్ తమ్ముడూ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను క్లాసులో ఉన్నాను. ఈ ఏడాది పిల్లలు నాకు 'గంటమ్మ' అని పేరు పెట్టారట. గంట కొట్టినా ఆపను కాబట్టి. పేరు బాగానే ఉంది, నాకేం కోపం రాలేదు. నీ ఉత్తరం చదువుకుందామని ఆ రోజు మాత్రం గంటకి ముందే వదిలేశాను. అందరూ నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

ఇక నీ ప్రశ్న. పాతికమంది పిల్లల్లో ఒక్కడు కూడా ఇంతవరకూ ఇంత సూటిగా అడగలేదు. వాళ్లంతా పరీక్షలో వస్తుందా రాదా అని అడుగుతారు.

మన క్రైస్తవ సంఘంలో పాతకాలపు గురువులు దీని మీద చాలా తర్జనభర్జన పడ్డారు రా. చివరికి ఒక మాట దగ్గర గట్టిగా నిలబడ్డారు. మనస్సాక్షి వద్దన్నది చేస్తే పాపం, చెయ్యమన్నది మానేస్తే పాపం. ఆ మనస్సాక్షి పొరబడినా సరే, దాన్ని కాదని నడవకూడదు. ఎందుకంటే ఇది దేవుడు చెప్తున్నాడని మనసారా నమ్ముతూ కూడా కాదన్నవాడు దేవుణ్ణే కాదన్నట్టు. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. రాజు చెప్పినా, పెద్ద గురువు చెప్పినా, నీ లోపలి గదిలోకి ఎవరికీ ప్రవేశం లేదు. అక్కడ నువ్వూ ఆయనా తప్ప మూడోవాడు ఉండడు. ఆ మనస్సాక్షికి చదువు చెప్పించాలి, నలుగురినీ అడగాలి అని కూడా అన్నారనుకో, అదంతా పెద్ద అధ్యాయం, వచ్చినప్పుడు తీరిగ్గా చెప్తాను.

సగం మూయడం సంగతి అడిగావు. మనస్సాక్షితో బేరాలు పెట్టుకోకు. అది కూరగాయల దుకాణం కాదు. మూయమంటే మూసెయ్. మరదలికి నేను చెప్పానని చెప్పు, కోపం నా మీదికి మళ్లుతుంది.

చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగిలితే ఎవరూ అడక్కుండానే వెళ్లి నేనే అని చెప్పి వచ్చావు. ఇంట్లో దెబ్బలు తిన్నావు. నీ గురించి నాకు ఎప్పుడూ బెంగ లేదు.

అక్క


జూన్ 24

అక్కకు వందనాలు.

మూసేశాను. నీ ఉత్తరం అందిన మర్నాడే రెండు వైపులా ఇనుప గేట్లు పెట్టించి, తాళాలు వేయించాను. మనుషులకి కూడా దారి లేదు.

ఊళ్లో నా మొహం చూసేవాళ్లు తగ్గారు. దుకాణాలవాళ్లు బేరాలు పోయాయని గొడవకి వచ్చారు. నీ మరదలు కూరలకి వెళ్తే అందరికీ ఇచ్చాక ఆఖరికి ఆమెకి తూచారట. ఇంటికొచ్చి సంచీ బల్ల మీద పెట్టి, వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేది. మీ అక్కగారు వంతెన చూశారా అని మాత్రం ఒకసారి అడిగింది.

కానీ ఒకటి చెప్పాలి. తాళాలు వేసిన రోజు నుంచి ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాను. నువ్వు చెప్పిన లోపలి గది ఇదేనేమో అనిపించింది.

మా వీధిలో ఉండే పోస్టుమ్యాన్ ఒక్కడే మామూలుగా మాట్లాడుతున్నాడు. ఆయన పోస్టాఫీసు అవతల కదా, రోజూ సైకిలు మీద వంతెన దాటేవాడు. ఇప్పుడు పడవ ఎక్కుతున్నాడు. "మీ పుణ్యమా అని కాళ్లకి విశ్రాంతి సార్, పడవలో కూర్చుని ఉత్తరాలు వీధుల ప్రకారం సర్దేసుకుంటున్నాను" అన్నాడు. నీ చేతిరాత చూడగానే గుర్తుపడతాడు. మా ఇంటి గేటు దగ్గర నుంచే 'అక్కగారు' అని కేకేస్తాడు.

పడవలవాళ్లకి మాత్రం పండగే. రెండు పడవలే ఉన్నాయి, ఊరంతా వాటి మీదే. నీళ్లు అంచుకి తగులుతున్నా ఎక్కిస్తున్నారు. మున్సిపాలిటీలో ఒక మాట చెప్పాను. మీ పని వంతెన వరకే అన్నారు. నిజమే కదా అని వచ్చేశాను.

వాన మొదలైంది.

నీ తమ్ముడు


జూలై 2

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను. మన నాన్న ఉంటే ఏమీ అనేవాడు కాదు, నీ భుజం మీద చెయ్యి వేసి బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన సంతోషం అలాగే ఉండేది.

నిన్న క్లాసులో నీ గురించి చెప్పాను. పేరు చెప్పలేదులే. 'నాకొక తమ్ముడు ఉన్నాడు, ఒక ఊరి వంతెన మూశాడు' అని మొదలుపెట్టాను. వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చున్నాడు. ఇన్నేళ్లు పుస్తకాల్లో ఉన్న ఉదాహరణలే చెప్పాను రా. రాజులకి ఎదురు నిలిచినవాళ్లు, మంటల్లోకి నడిచి వెళ్లినవాళ్లు. వాళ్లంతా ఎప్పుడో చచ్చిపోయారు. నా సొంత తమ్ముడు బతికుండగానే ఉదాహరణ అయ్యాడు. మా బడి మాసపత్రికలో కూడా ఒక పేజీ రాశాను. అన్ని చర్చిలకీ వెళ్తుంది. నీకు విడిగా రెండు కాపీలు పంపిస్తున్నాను, మరదలికి చూపించు. ఆమె మనసు మెత్తబడుతుంది.

మోకాలి సంగతి మొదటి ఉత్తరంలో అడిగావు. అది నా మాట వినదు, నేను దాని మాట వినను. ఇద్దరం సర్దుకుపోతున్నాం.

ఊరివాళ్లు కొన్నాళ్లు మొహం చాటేస్తారు. తర్వాత వాళ్లే వచ్చి చేతులు పట్టుకుంటారు. చూస్తూ ఉండు.

గర్వంగా,
అక్క


జూలై 23

తమ్ముడూ,

నా ఉత్తరానికి జవాబు లేదు. పత్రిక కాపీలు అందాయో లేదో తెలియదు. ఫోన్ చేద్దామంటే నా చెవి సంగతి తెలుసు, అవతల ఎవరు మాట్లాడినా నాకు గాలి ఊదినట్టే ఉంటుంది.

కోపం వచ్చిందా? నీ గురించి అందరికీ చెప్పానని సిగ్గుపడుతున్నావా? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. ఎవరైనా మెచ్చుకుంటే పెరట్లోకి పారిపోయేవాడివి. లేకపోతే మరదలు వద్దందా? నేను నిన్ను ఎగదోశానని ఆమె అనుకుంటూ ఉండొచ్చు. అనుకుంటే అనుకోనీ. నాకు రాయకుండా మాత్రం ఉండొద్దు. ఒక్క ముక్క రాయి. రాయకపోతే మోకాలు పట్టుకుని నేనే రైలెక్కుతాను.

అక్క


జూలై 30

అక్కా,

పడవ మునిగింది. ఈ నెల ఆరున పొద్దున్న, ఆఫీసులకీ ఆసుపత్రికీ వెళ్లే వేళ. నది నిండుగా ఉంది. ఏడుగురు పోయారు. మీ పేపర్లో వేయలేదేమో.

అందులో మా పోస్టుమ్యాన్ ఉన్నాడు. ఈత వచ్చట ఆయనకి. భుజానికి సంచీ అడ్డంగా వేసుకుని ఉన్నాడు. సంచీతోనే దొరికాడు.

నువ్వు జూలై రెండున రాసింది ఆ తర్వాత అందింది. కొత్తతను తెచ్చి, పేరు అడిగి, చేతికి ఇచ్చి వెళ్లాడు. ఆ రోజు విప్పలేదు. విప్పాక ఎందుకు విప్పానా అనిపించింది.

నీ పత్రిక మా చర్చికీ వచ్చింది. ప్రతి నెలా అతికించినట్టే కాపలాదారు చదవకుండా బోర్డుకి అతికించాడు. ఆదివారం అందరూ చదివారు. పేరు లేదన్నావు. ఊరి వంతెన మూసిన తమ్ముడు ఎవరో ఇక్కడ ఎవరికి తెలియదు? పోస్టుమ్యాన్ బావమరిది ఆ కాగితం పీకి, మడిచి, మా గేటు ఊచల మధ్య పెట్టి వెళ్లాడు. చింపలేదు. తిట్టలేదు. నీట్‌గా మడిచాడు.

నీ మీద కోపం లేదు. దయచేసి నా గురించి ఎవరికీ చెప్పకు.

తమ్ముడు


ఆగస్టు 6

నా తండ్రీ,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. పత్రిక ఆఫీసుకి వెళ్లి మిగిలిన కాపీలన్నీ తెప్పించాను. వెళ్లినవి తెప్పించలేను. నన్ను క్షమించు.

కానీ తమ్ముడూ, ఒకటి గట్టిగా చెప్తాను, విను. నువ్వు హంతకుడివి కాదు. అలా అనుకుంటున్నావని నాకు తెలుసు, రాయకపోయినా. తప్పుకి మూడు కావాలి. చేసిన పని చెడ్డదై ఉండాలి, చెడ్డదని తెలిసి ఉండాలి, తెలిసీ ఇష్టపడి చేసి ఉండాలి. నీ దగ్గర ఒక్కటీ లేదు. నువ్వు జనం ప్రాణాలు కాపాడాలని మూశావు. పడవలో మితిమీరి ఎక్కించుకున్నది పడవవాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నది మున్సిపాలిటీ. నీ మనస్సాక్షి నిర్మలంగా ఉంది. ఏడుగురు పోయారు, కానీ ఆ వంతెన కూలి ఉంటే ఎందరు పోయేవారో లెక్క వేసుకో. పరీక్ష చేసేవాళ్లు వచ్చాక ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఆ ఊరే నీకు రుణపడుతుంది.

వేళకి తిను. మరదల్ని నీ పక్కన కూర్చోమను.

అక్క


సెప్టెంబరు 27

అక్కా,

పరీక్షలు అయ్యాయి. ఈసారి వాళ్లు తొందరగానే వచ్చారు, చావులు ఉన్నాయి కదా.

వంతెన బాగుంది.

నేను చూసిన చీలిక రాతిలో లేదు. ఎప్పుడో మరమ్మతు చేసినప్పుడు రాయి మీద పూసిన సిమెంటు పొరలో ఉంది. స్తంభంలోకి తొలిచి లోపలి రాయి తీసి చూపించారు. నిన్న కొండ నుంచి కొట్టినట్టుంది. ఆ శబ్దం, పైన రోడ్డు కింద ఉండే ఒక ఇనుప రేకు మేకు ఊడి కొట్టుకోవడం. మేకు బిగిస్తే శబ్దం ఆగిపోయింది. లారీలు కూడా తిరగొచ్చు. మనుషులు నడవడానికైతే అడగాల్సిన పనే లేదు.

విచారణలో నా తప్పు లేదన్నారు. కంటితో చూసి అంతకన్నా కనిపెట్టడం కుదరదన్నారు. జాగ్రత్తపరుడైన అధికారి అని కూడా రాశారు. ఆ కాగితాన్ని ఇంటికి తేలేకపోయాను, ఆఫీసు సొరుగులోనే ఉంది.

నువ్వు చెప్పిన ఆ మూడింటినీ రోజూ తిప్పి తిప్పి చూసుకున్నాను. నిజమే, ఒక్కటీ నాకు వర్తించదు. మరి ఎందుకు వదలదు ఇది? నేను అడిగింది గుర్తుందా, లోపలి మాట దేవుడిదా, నాదా అని? అది పొరబడినా సరే దాన్నే వినమన్నావు నువ్వు. విన్నాను. ఆ బస్సు శిథిలాల దగ్గర పట్టుకున్న భయం ఇన్నేళ్లుగా నాలో కూర్చుని ఉంది. అదే గొంతు మార్చి మాట్లాడిందేమో. దానికీ దేవుడికీ గొంతులో తేడా ఉంటుందని నువ్వు చెప్పలేదు. సగం మూయమని ఇద్దరు చెప్పారు. వాళ్లకి వంతెన మీద నడిచే మనుషులు కనబడ్డారు. నాకు నా నిజాయితీ కనబడింది. నువ్వేమో బేరాలు పెట్టుకోవద్దన్నావు. ఆ బేరం పెట్టుకుని ఉంటే ఆయన సైకిలు మీద వెళ్లేవాడు.

పడవల గురించి మొదట్లోనే నీకు రాశాను. నా పని కాదని వచ్చేశానని కూడా రాశాను. అప్పుడు లోపల ఎవరూ ఏమీ అనలేదు. చక్కగా నిద్రపోయాను. ఇదేం మనస్సాక్షి అక్కా?

పోస్టుమ్యాన్ భార్య దగ్గరికి వెళ్తూ ఉండేవాణ్ణి. ఏదో ఒకటి అనాలని, తిట్టాలని. ఆమె కుర్చీ వేసేది. మంచినీళ్లు ఇచ్చేది. వంతెన బాగుందని తేలిన రోజు ఆ సంగతి ఇంకెవరి నోటా వినకూడదని నేనే వెళ్లి చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆమె నన్ను పూర్తిగా ఏడవనిచ్చి, నెమ్మదిగా అంది. "మీరు మా మంచికే మూశారు. నాకు తెలుసు. ఆయనా అదే అనేవాడు. కానీ మీరు వచ్చి కూర్చున్న ప్రతిసారీ నేనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తోంది. నాకంత ఓపిక లేదు. ఇక రాకండి."

లేచి వచ్చేశాను. నీ మరదలు మాత్రం వెళ్తోంది. మొదటి రోజు నుంచీ వెళ్తోందని నాకు అప్పుడే తెలిసింది. పిల్లల బట్టలు కుట్టి ఇస్తుందట, వంటింట్లో సాయం చేస్తుందట. నా గురించి ఒక్క మాట కూడా ఎత్తదట.

పోస్టుమ్యాన్ భార్యకి పోస్టాఫీసులో ఉత్తరాలకి ముద్ర వేసి వేరుచేసే పని ఇచ్చారు. ఈ కవరు కూడా ఆమె చేతుల మీదుగానే నీకు వస్తుంది.

తమ్ముడు


అక్టోబరు 5

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన రోజు ఆ కవరునే చూస్తూ కూర్చున్నాను, మీద పడిన ముద్రని చూస్తూ. ఆ ముద్ర ఏ చేతులు వేశాయో లోపల చదివాక కాగితాన్ని మళ్లీ ఆ కవరులో పెట్టబుద్ధి కాలేదు.

నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు ఉంది. జూన్‌లోనే ఉంది. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆ పాత గురువులు చెప్పింది రెండు ముక్కలు రా. మనస్సాక్షిని కాదని నడవొద్దు అనేది మొదటిది. రెండోది, దాన్ని గుడ్డిగా వదిలెయ్యొద్దు అని. అది ఆకాశం నుంచి ఊడిపడే గొంతు కాదు. తెలిసినదాన్ని బట్టి తీర్పు చెప్పే మన బుద్ధి అది. తెలిసింది తక్కువైతే తీర్పు తప్పుతుంది. భయం చెప్పిన సాక్ష్యం కూడా నమ్మేస్తుంది. అందుకే దానికి నేర్పాలి, నీకన్నా వేరుగా చూసేవాళ్లని అడగాలి, నీ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వెళ్లి వాళ్ల మొహాలు చూడాలి. ఇదంతా నేను ఏటా చెప్పే పాఠమే. నీకు మాత్రం పెద్ద అధ్యాయం, తర్వాత చెప్తానని దాటేశాను. మొదటి ముక్క వినడానికి గొప్పగా ఉంటుంది. రెండోది విసుగ్గా ఉంటుంది. క్లాసులో కూడా అంతే, మొదటిదానికి కళ్లు మెరుస్తాయి, రెండోదానికి ఆవులింతలు.

ఇంకో మాట. నువ్వు పడవల గురించి రాసినప్పుడు ఆ వాక్యం చదివాను. నీళ్లు అంచుకి తగులుతున్నాయని నువ్వు రాశావు. చదివి, మళ్లీ నిద్ర పట్టింది అన్న వాక్యం దగ్గరికి వెళ్లి సంతోషపడ్డాను. నాకు అప్పుడు కావాల్సింది నువ్వు కాదు, ఒక ఉదాహరణ. మరదలు అడిగింది సరైన ప్రశ్న. నేను వంతెన చూడలేదు.

ఆగస్టులో నీకు రాసిన ఆ మూడు మాటలు తప్పు కాదు. కానీ నువ్వు అడిగింది నీ మీద కేసు ఉందా లేదా అని కాదు. నువ్వు ఏడుస్తుంటే నేను తీర్పు చదివాను. దోషం లేకపోయినా దుఃఖం ఉంటుందని, అది ఉండాల్సినదే అని, నాకు అప్పుడు తోచలేదు. ఏడుగురు పోతే ఏమీ అనని మనస్సాక్షి కన్నా, కారణం వెతుక్కుంటూ ఏడ్చేది నయం. కాకపోతే దాన్ని పోస్టుమ్యాన్ భార్య గుమ్మంలోకి తీసుకెళ్లకు. ఆమె చెప్పింది నిజం. నా దగ్గరికి తీసుకురా. నేను ఓదార్చను. వింటాను. చెవి దగ్గర గట్టిగా చెప్పాలి, అంతే.

ఇక దాని మాట ఎప్పుడూ వినను అని మాత్రం అనుకోకు. అలా అనుకుంటావేమోనని భయంగా ఉంది.

ఈ నెల ఆ పాఠం వచ్చింది. మొదలుపెట్టలేకపోయాను. పిల్లల్ని చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను.

అక్క


నవంబరు 12

అక్కకు వందనాలు.

నిన్న వంతెన తెరిచాం.

తెరవాలంటే ఒకరు సంతకం పెట్టాలి. వద్దులే, నేను పెడతాను అన్నాడు మా ఆఫీసరు. నేనే పెడతానన్నాను. కానీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే లోపల మళ్లీ అదే మాట, వద్దు, వద్దు అని. అప్పుడు నీ రెండో ముక్క గుర్తొచ్చింది. పరీక్ష చేసినవాళ్లని మళ్లీ పిలిచాను. విసుక్కోకుండా అన్నీ మొదటి నుంచి చూపించారు. తాళ్లు కట్టుకుని స్తంభం పక్కకి దిగి, పొర తీసేసిన చోట రాతిని చేత్తో తడిమాను. ఇంటికొచ్చి నీ మరదల్ని అడిగాను, నువ్వైతే ఏం చేస్తావు అని. "నేనైతే రోజూ దాని మీద వెళ్లి వస్తాను" అంది. లోపల భయం అలాగే ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి సంతకం పెట్టాను.

పొద్దున్న రెండు ఒడ్డుల మీదా జనం నిలబడ్డారు. ముందుగా ఇసుక నింపిన లారీని పంపాలి. నేను నడిమి స్తంభం పైన, ఆ చీలిక కనబడిన చోటికి సరిగ్గా మీద నిలబడ్డాను. లారీ మెల్లగా వస్తోంది. డ్రైవరు నా వైపు చూసి చెయ్యి ఎత్తాడు. అతను ఎవరో నాకు తెలియదు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. లారీ నా ముందుకి వచ్చినప్పుడు, కూలిపోవాలని కోరుకున్నాను. ఒక్క క్షణం. కాళ్ల కింద రాయి పగలాలి, డ్రైవరూ నేనూ ఇనుమూ అంతా నీళ్లలో పడాలి, ఒడ్డు మీద అందరూ చూడాలి, నేను మూసింది సరైనదేనని తెలియాలి. అంత స్పష్టంగా కోరుకున్నాను. ఆ మనిషి చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

లారీ దాటిపోయింది. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు తెలిసింది అక్కా, గొంతులో తేడా ఉందని. జూన్‌లో నాతో మాట్లాడింది, ఎంత పొరబడినా, ఎవరూ పడిపోకూడదు అంది. నిన్న మాట్లాడింది, నేను గెలవాలి అంది. రెండూ నాలోవే. మొదటిదానిలోకి రెండోది ఎప్పుడు వచ్చి చేరిందో నాకు తెలియదు. గేట్లకి తాళాలు వేయించిన రోజు నాకు అంత హాయిగా నిద్ర పట్టింది చూడు, బహుశా అప్పటికే వచ్చేసి ఉంటుంది. ఇది తెలిస్తే పోయినవాళ్లు తిరిగి రారు. నా దుఃఖమూ తగ్గలేదు. అయినా ఇప్పుడు దేన్ని పట్టుకుని ఏడుస్తున్నానో తెలుసు.

ఎగువనా దిగువనా ఉన్న రేవులకి వెళ్తున్నాను. పడవలో ఎంతమంది ఎక్కాలో అంచు మీద గీత గీయించమని అడుగుతున్నాను. నా పని కాదని ప్రతిచోటా చెప్తున్నారు. అవునండీ అంటున్నాను. మళ్లీ వెళ్తున్నాను.

లారీ అవతలికి చేరాక జనాన్ని వదిలారు. చప్పట్లు ఏమీ లేవు. కొందరు నన్ను చూసి తల తిప్పుకున్నారు, ఒకరిద్దరు తల ఊపారు. పోస్టుమ్యాన్ భార్య డ్యూటీకి వెళ్తూ, నాకు కాస్త దూరంగా, అవతలి కమ్మీ పక్కన నడిచి వెళ్లింది. నడిమికి వచ్చాక ఒక్క అడుగు ఆగి కింద నీళ్లు చూసింది. నా వైపు చూడలేదు. నేనూ పిలవలేదు.

నీ మరదలు వచ్చి, ఇక పద అంది. ఇద్దరం అవతలి ఒడ్డు దాకా నడిచాం. నేను అలవాటుగా ఎక్కడైనా కదులుతుందేమోనని అడుగడుగునా చూసుకున్నాను. ఎక్కడా కదల్లేదు.

వంతెన గట్టిగా ఉంది అక్కా. నేను బతికున్నన్నాళ్లూ గట్టిగానే ఉంటుంది.

నీ తమ్ముడు